ఎర్రదానికి నడికట్టు

మా శాఖా గ్రంథాలయంలో మా ఊరి ఆనకట్ట గురించి దొరికినవన్నీ చదివాను. రాయి ఎక్కడి నుంచి తెచ్చారో, సున్నం ఎలా కలిపారో, ఏ కాలువ ఏ ఊళ్ళ మీదుగా వెళ్ళి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో అన్నీ ఉన్నాయి. పనిలో చచ్చిపోయిన ఎడ్ల గురించి కూడా ఒక పుస్తకంలో రెండు వాక్యాలు ఉన్నాయి. ఆ కాలువల గట్ల మీద కాపురం ఉండే వాళ్ళ గురించి మాత్రం ఎక్కడో ఒక చోట, ‘ఆక్రమణలు’ అనే మాట కింద దొరికింది. వాళ్ళ గుమ్మాల ముందు పడుకునే కుక్కల గురించి అదీ లేదు. లైబ్రేరియన్ గారిని అడిగితే బీరువా తీసి కుక్కల పెంపకం మీద ఒక పుస్తకం ఇచ్చారు. అందులో కుక్కలన్నిటికీ దువ్విన బొచ్చు, మెడలో పట్టీ, పక్కన పచ్చిక. మా గట్టు మీద అలాంటి కుక్క ఒక్కటీ లేదు. ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ సంగతి ఇప్పుడు కాలువకి నీళ్ళొదిలే మా లాకుల దగ్గర టీ కొట్లో హాస్యంగా తిరుగుతోంది. చెవుల్లో దూది పెట్టుకున్న కుక్క అని మొదలుపెడతారు, అందరూ నవ్వుతారు, అక్కడితో అయిపోతుంది. అది చచ్చి బతికిందన్న మాట ఎవరూ చెప్పరు. చెప్పగా చెప్పగా నవ్వు మిగిలింది, భయం జారిపోయింది. జరిగినప్పుడు రెండూ ఉన్నాయి.

నా గురించి కొంచెం చెప్పాలి. నేను బట్టలు కుడతాను. ధవళేశ్వరంలో లాకులు దాటాక కాలువ గట్టు దిగువన ఒక పెంకుటిల్లు, దాని అరుగు మీద నా మిషను. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాతి చదువంతా గ్రంథాలయంలోనే. ఆరోగ్యం, చరిత్ర, నక్షత్రాలు, తేనెటీగలు, ఏది దొరికితే అది. జాకెట్టుకి కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు నిలబడినంతసేపూ నేను చదివింది వాళ్ళకి చెబుతూ ఉంటాను. కొందరు వింటారు. కొందరు, “చంక దగ్గర కొంచెం వదులు పెట్టమ్మా, తేనెటీగల సంగతి తర్వాత చూద్దాం” అంటారు. నాకు వచ్చిన చదువు గురించి నాకు గర్వమే. ఎవరూ పెట్టకుండా సంపాదించుకున్నది కదా.

గట్టు మీద ఇళ్ళన్నీ ఒకే వరస. ముందు కాలువ, వెనక రోడ్డు. కొందరు తాపీ పనికి, కొందరు ఇసుక పనికి వెళతారు. కొందరు చేపలు అమ్ముతారు. ఆ వరసలో ఏ కుక్కా పూర్తిగా ఒక ఇంటిది కాదు. పొద్దున ఒక గుమ్మంలో గంజి తాగుతుంది, మధ్యాహ్నం ఇంకో గుమ్మంలో చేప తలకాయ నములుతుంది, రాత్రికి ఎవరి గడప చల్లగా ఉంటే అక్కడ. “ఇది ఎవరి కుక్కండీ?” అని పై వాళ్ళు అడిగితే, “మా వరసదండీ” అంటారు.

ఒక్క ఎర్రది తప్ప. ఎర్ర కుక్క అందరికీ తెలిసి అత్తదే.

అత్త అంటే నాకు బంధువు కాదు. వరసంతా ఆమెను అత్తా అనే పిలుస్తుంది. తెల్లవారకముందే రేవుకి వెళ్ళి చేపలు పట్టుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంది. మావయ్య పోయి చాలాకాలమైంది. కూతురు భీమవరంలో, రొయ్యల చెరువుల మీద పనిచేసే అల్లుడితో. ఇంట్లో అత్త ఒక్కతే, అత్తతో ఎర్రది. అత్త తట్ట ఎత్తుకుంటే ఎర్రది నాలుగడుగులు ముందు నడుస్తుంది. ఏ వీధి కుక్క తట్ట వాసన పట్టి దగ్గరికి వచ్చినా ఇది మొహం అటు తిప్పి నిలబడుతుంది, అంతే. అరవదు. బేరం కుదిరి చేప కోస్తున్నంతసేపూ తట్టకి వీపు ఆనించి కూర్చుంటుంది. అత్తకి ఒక కంట్లో పొర వచ్చింది. ఆ వైపు ఎర్రది నడుస్తుంది. దానికెవరు నేర్పారో తెలియదు. అది లేకపోతే చీకట్లో రేవుకి వెళ్ళే ధైర్యం తనకి లేదని అత్త ఎప్పుడూ అంటుంది. రేవుకి వెళ్ళకపోతే ఆమెకి పూట గడవదు.

ఎర్రది ఏటా ఈనేది. పిల్లలు కళ్ళు తెరిచి రెండు వారాలు ఆడేవి. తర్వాత ఒకటి కాలువలో జారేది, ఒకటి రోడ్డు మీద ఇసుక లారీ కిందికి పోయేది. మిగిలినవి ఏదో రోగంతో పోయేవి. ప్రతిసారీ అత్త గోనెపట్టా ముక్కలో చుట్టి కొబ్బరిచెట్టు మొదట్లో పూడ్చేది. ఎర్రది అక్కడే కూర్చునేది. పోయినసారి ఈనాక దాని నడుం ఎముకలు బయటికి కనబడ్డాయి.

ఆ సంవత్సరమే గ్రంథాలయం బోర్డు మీద ఒక కాగితం అంటించారు. బోర్డు మీద ఏది అంటించినా నేను చదవకుండా లోపలికి వెళ్ళను. వీధి కుక్కలకీ, పేదల ఇళ్ళలో పెంచుకునే కుక్కలకీ పిల్లులకీ పిచ్చికుక్క రోగం రాకుండా టీకా, గజ్జికి మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషను, అన్నీ ఉచితం అని ఉంది. అంటించిన అమ్మాయి ఇంకా జిగురు చేతులతో అక్కడే నిలబడి ఉంది. పశువుల డాక్టరు. రాజమండ్రి నుంచి సెలవు రోజుల్లో మరికొందరితో కలిసి వస్తోంది.

“గట్టు మీదకి వెళ్ళాం మేడం. తలుపులేసుకున్నారండి. ఒక్క కుక్క కూడా కనబడలేదు” అంది.

“కుక్కలు ఎందుకు కనబడవు? మంచాల కింద పెట్టుకుని ఉంటారు. మీరు వ్యానేసుకుని వెళ్ళారు కదా?”

“వెళ్ళామండి.”

“వ్యాను చూస్తే కుక్కల్ని ఎత్తుకెళ్ళి ఏటి అవతల వదిలేస్తారనుకుంటారు. ఈసారి నడిచి రండి. నేను వస్తాను.”

ఆ పై ఆదివారం నడిచే వెళ్ళాం. ఇంటింటికీ నేను ముందు, డాక్టరమ్మాయి మందుల పెట్టెతో వెనక. పిచ్చికుక్క రోగం నరాల వెంట మెదడుకి ఎలా ఎక్కుతుందో చదివింది చదివినట్టు చెప్పాను. మధ్యలో ఆటో తోలే తమ్ముడొకడు, మా ఆయనకి పినతల్లి కొడుకు, వరసకి మరిదైనా నేను తమ్ముడనే అంటాను, గుమ్మంలో పళ్ళు తోముకుంటూ మొదలుపెట్టాడు.

“వదినగారు ఇంటింటికీ తిరుగుతున్నారు. ఓట్లకా ఏంటండీ?”

“నీ కుక్కని పట్టుకో. టీకా వేయిస్తాం.”

“నాకేయండి. మా ఆవిడ రోజూ కరుస్తంది.”

లోపల్నుంచి ఆవిడ గొంతు వచ్చింది. “కరిచేదాన్నయితే నువ్వింతకాలం ఉండేవోడివా?”

ఆ నవ్వులో వరసంతా బయటికి వచ్చింది. మంచాల కింద నుంచి కుక్కలూ వచ్చాయి. టీకాలు వేయించడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. పిల్లలు కుక్కల మూతులు పట్టుకుంటే, తల్లులు పిల్లల మూతులు పట్టుకున్నారు, అరవకుండా. ఆపరేషను మాట ఎత్తేసరికి మాత్రం అందరూ నేల చూశారు. నోరులేని జీవానికి కత్తి పెట్టించడం పాపమన్నారు. ఆటో తమ్ముడు, “కుక్కలకి కూడా ఇద్దరు చాలని బోర్డు పెడతారా వదినా?” అన్నాడు.

అత్త అందరికీ వెనక నిలబడి ఉంది. మర్నాడు చేపలమ్ముకుని వచ్చి ఖాళీ తట్ట నా అరుగు మీద బోర్లించి దాని పక్కన కూర్చుంది.

“అమ్మాయ్, ఆ ఆపరేషను చేత్తే ఇది బతుకుద్దా?”

“బతుకుతుంది అత్తా. ఆపరేషను చేయించుకున్నవాళ్ళం మనం బతకలేదా?”

“ఇంకో కాన్పొత్తే ఇది ఉండదమ్మాయ్. నడుం చూడు దానిది.” మళ్ళీ తనే అంది. “నువ్వు చదివావు గదా. నువ్వు చెప్పు.”

చెప్పాను. నాకు తెలిసిందంతా చెప్పాను. ఆమె వింటున్నంతసేపూ ఎర్రది మిషను కింద రాలిన గుడ్డ పీలికల మీద పడుకుని ఉంది.

పశువుల ఆసుపత్రి ఆవరణలో ఆపరేషను జరిగింది. ఆపరేషను అయిన కుక్కకి గుర్తుగా ఎడమ చెవి కొసన చిన్న గాటు పెడతారు, మళ్ళీ పొరపాటున పట్టుకెళ్ళకుండా. అత్త దానికే కోపగించింది. “పొట్ట కోత్తామన్నారు, కోశారు. చెవెందుకు కోశారండీ? దుద్దులు పెడతారా?” అంది. డాక్టరమ్మాయి నవ్వి, నాలుగు రోజులు అక్కడే గూట్లో ఉంచితే తామే చూసుకుంటామంది. అత్త ఒప్పుకోలేదు.

“కోత కోయించుకున్న ఆడపిల్లని పరాయిచోట వదిలేసెల్తారా ఎవరైనా? నేను చూసుకుంటాను. మా అమ్మాయికి చేసినట్టే చేత్తాను.”

“అంత జాగ్రత్తగా చూసుకుంటే నాకింకేం కావాలండీ” అని డాక్టరమ్మాయి మర్నాడు పంపించేసింది. కుట్లు నాకకుండా చూడమంది, తడవనివ్వద్దంది. అత్త అన్నిటికీ తల ఊపింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ‘మా అమ్మాయికి చేసినట్టే’ అన్న మాట దగ్గరే మేమిద్దరం ఆగి ఉండాల్సింది. డాక్టరమ్మాయికి పెళ్ళి కాలేదు, తెలియదు. నాకు తెలుసు కానీ తట్టలేదు.

మర్నాడు జాకెట్లు ఇవ్వడానికి గట్టెక్కి, పనిలో పని ఎర్రదాన్ని చూద్దామని అత్త ఇంటికి వెళ్ళాను. గుమ్మానికి వేపాకు గుచ్చి ఉంది. లోపల సాంబ్రాణి పొగ. మూల గోనెపట్టా మీద పాత చీర మడత, దాని మీద ఎర్రది. పొట్టకి మెత్తని నేత చీర చింపి నడికట్టు కట్టింది అత్త, పురిటాలికి కట్టినంత బిగువుగా. తలకి ఒక గుడ్డ చుట్టి గవద కింద ముడేసింది. ఆ గుడ్డ అంచున రెండు చెవుల దగ్గరా తెల్లగా దూది కనబడుతోంది. చలిగాలి పోకుండా. ఎర్రది ఆ వేషంలో నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. అలాంటి చూపు మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చిన పిల్లల దగ్గర చూశాను.

నేను గుమ్మం పట్టుకుని నవ్వాను. ఆపుకోలేకపోయాను.

“నవ్వుతావేంటమ్మాయ్. కోత పచ్చిగా ఉంది” అని అత్త కసురుకుంది. కానీ ఆమె మొహంలోనూ సంతోషం ఉంది. వరసలో ఆడవాళ్ళంతా వచ్చి చూసి వెళుతున్నారట. ఒకావిడ పాతబియ్యం తెచ్చిందట. ఇంకో ఆవిడ కాయం ముద్ద తెచ్చింది, శొంఠీ మిరియాలూ బెల్లం దంచి బాలింతలకి పెట్టేది. అత్త తనవంతుగా ఉప్పాడ నుంచి వచ్చే బండి దగ్గర సొరచేప అడిగి తీసుకుని పిట్టు చేసింది. అన్నంలో నువ్వుల నూనె, వేయించిన వెల్లుల్లి. ఆపరేషను పాపమన్న వాళ్ళే ఎర్రదానికి పథ్యం వండారు. ఆ వేళ మా గట్టు మీద ఎవరి ఇంట్లోనూ అంత మంచి భోజనం లేదు.

అది చూసి నా మనసు నిండిపోయింది. కుక్కలకి వెల్లుల్లి మంచిది కాదని పుస్తకంలో చదివినట్టు లీలగా గుర్తొచ్చి, ఆ మాటే అత్తకి చెప్పి ఇంటికొచ్చాను. నీళ్ళ సంగతి నేను చూడలేదు.

తర్వాతి రోజు మధ్యాహ్నం అత్త తనే వచ్చింది. తట్ట లేదు. ఆవేళ రేవుకి వెళ్ళలేదంది.

“లేవట్లేదమ్మాయ్. పిలుత్తుంటే తోక కూడా ఆడించట్లేదు.”

మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి వెళ్ళాను. ఎర్రది ఒక పక్కకి ఒరిగి ఉంది. ముక్కు పెంకులా ఎండింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు జిగటగా, తెల్లగా ఉన్నాయి. పుస్తకంలో చదివిన పరీక్ష ఒకటి గుర్తొచ్చింది. ఒంట్లో నీళ్ళున్న జంతువుకి మెడ మీద తోలు పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి. ఎర్రది మెడ దగ్గర తోలు పట్టుకుని వదిలాను. ఇస్త్రీ లేని గుడ్డ మడతలా అలాగే లేచి ఉండిపోయింది.

“నీళ్ళు ఎప్పుడు పెట్టావత్తా?”

“పెడతన్నాను గదా. పొద్దునోసారి, సందేళోసారి. కాచి చల్లార్చి ఉగ్గుగిన్నెతో.”

“ఉగ్గుగిన్నెతోనా?”

“ఎక్కువ పెడితే ఒళ్ళు నీరు పట్టదా? కుట్టు చీము పట్టదా? ఆ మాత్రం తెలీదనుకున్నావా?”

ఎండాకాలం. రేకుల ఇల్లు. లోపల సాంబ్రాణి పొగ. ఆ నడికట్టు, ఆ తలగుడ్డ, ఆ వెల్లుల్లి. దానికి నీళ్ళు ఉగ్గుగిన్నెడు.

డాక్టరమ్మాయికి ఫోను చేశాను. ఎక్కడో పల్లెలో ఉంది. కట్టు విప్పేయమంది, దూది తీసేయమంది, కొంచెం కొంచెంగా నీళ్ళు పట్టిస్తూ వెంటనే పశువుల ఆసుపత్రికి తెమ్మంది, తానూ అక్కడికే వస్తానంది. “అక్కడికొచ్చేదాకా ఆగకండి మేడం. నీళ్ళు ఇప్పుడే మొదలుపెట్టండి” అని రెండుసార్లు అంది.

అత్త అడ్డంగా కూర్చుంది. కట్టు విప్పనిచ్చింది, దూది తీయనిచ్చింది. నీళ్ళ చెంబు పట్టుకుంటే మాత్రం నా చెయ్యి పట్టేసుకుంది.

“పచ్చి కోత మీద నీళ్ళు పోసి చంపుతావా దాన్ని? నీ మాట ఇని కత్తి పెట్టించాను. ఇంకిది కూడా ఇనమంటావా?”

నేను పుస్తకం చెప్పాను. ఒంట్లో నీటి భాగమెంత, మూత్రపిండాలేం చేస్తాయి, ఎండదెబ్బ అంటే ఏమిటి. గుమ్మంలో నలుగురైదుగురు ఆడవాళ్ళు మూగారు. అందరూ అత్త వైపే. ఒకావిడ, “పుస్తకాలు రాసినోళ్ళు మగోళ్ళమ్మా, ఆళ్ళకేం తెలుసు కోత సంగతి” అంది. ఎర్రది నాలుక కొస పళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. దాన్ని లోపలికి తీసుకునే ఓపిక కూడా లేదు దానికి.

ఆ నాలుక చూస్తుంటే నాకు నా పెద్దమ్మాయి పుట్టిన రోజులు గుర్తొచ్చాయి. పుట్టింట్లో చీకటి గది. తలకి గుడ్డ, చెవుల్లో దూది. అమ్మ కొలిచి ఇచ్చే గ్లాసు కాచిన నీళ్ళు. వెల్లుల్లి కారం తిన్నాక గొంతు మండిపోయేది. ఆ గది గోడకవతల పంపు కారుతూ ఉండేది, రోజంతా ఆ చప్పుడు వినబడేది. ఆ విషయం నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. అత్త చెయ్యి నా చెయ్యి మీద ఉండగానే చెప్పేశాను.

“అత్తా, నేను బాలింతగా ఉన్నప్పుడు నీళ్ళు దొంగతనంగా తాగాను.”

గుమ్మంలో వాళ్ళు మెడలు ముందుకు చాచారు.

“అమ్మ బిడ్డకి నీళ్ళు పోయడానికి కాగు నింపి పెట్టేది. అమ్మ అటు తిరగ్గానే దోసిలితో తాగేదాన్ని. కడుపు నిండా తాగేదాన్ని. రోజూ.”

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆటో తమ్ముడి భార్య. మగవాడి మూతి మూయించగలిగిన మనిషి, ఆమె మొహం ఎర్రబడింది.

“నేను బిడ్డకి పట్టమని ఇచ్చిన నీళ్ళు తాగేసేదాన్నక్కా. బిడ్డ తాగేసిందని చెప్పేదాన్ని. మా అమ్మ మురిసిపోయేది, పిల్ల బాగా తాగుతుందని.”

“నేను చన్నీళ్ళ కుండ దగ్గరికి పాకి ఎల్లేదాన్ని” అంది పాతబియ్యం తెచ్చినావిడ. “మా అత్తగారు లేచిపోద్దని గ్లాసు ముంచకుండా కొంగు ముంచి పిండుకునేదాన్ని నోట్లో.”

ఇక ఒకరి తర్వాత ఒకరు. ఒకావిడ పెరుగు మీద తేట తాగిందట. ఒకావిడ స్నానానికి పోసిన వేడినీళ్ళే మొహం కడుక్కుంటున్నట్టు మింగిందట. నవ్వుతున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు. ఇన్నేళ్ళుగా పక్క పక్క ఇళ్ళలో ఉంటూ, ఎవరికి వాళ్ళు తామొక్కరే తప్పు చేశామనుకుంటూ ఉండిపోయారు. పుస్తకం గురించి ఒక్క మాట అనుకోలేదు ఎవరూ.

అత్త ఒక్కతే నవ్వలేదు. నా చెయ్యి వదిలింది. ఎర్రది వైపు చూస్తూ కూర్చుంది.

“నేనూ తాగానులే” అంది చివరికి. “మా అమ్మ నిద్రలో ఉంటే. ఏటి నీళ్ళు, చల్లగా.” ఎర్రది చెవి సవరిస్తూ, “మా అమ్మాయి కూడా తాగే ఉంటది. నన్ను తిట్టుకుని ఉంటది” అంది.

కొబ్బరి చిప్ప తీసుకుని కుండలో ముంచింది. వేళ్ళు తడిపి ఎర్రది పెదవి మీద పెట్టింది. మొదట ఏమీ జరగలేదు. మళ్ళీ తడిపింది. మళ్ళీ. ఎన్నోసారికో నాలుక కదిలి ఆమె వేలు నాకింది. “తాగు తల్లీ” అంది అత్త. “ఎవరూ చూట్టంలేదు, తాగు.”

అంతమంది చూస్తూ ఉండగా అది తాగింది.

ఆటో తమ్ముడు అప్పుడే రాజమండ్రి ట్రిప్పు నుంచి వచ్చి భోజనానికి కూర్చుంటున్నాడట. భార్య కంచం ముందు నుంచి లేపి పంపింది. అత్త వెనక సీట్లో ఎర్రదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. నేను చిప్ప పట్టుకున్నాను. దారి పొడవునా గతుకులు తప్పిస్తూ నడిపాడు. ఎప్పుడూ నోరు మూయని మనిషి దారంతా ఒక్కటే మాట మాట్లాడాడు. “తాగుతందా వదినా?”

ఆసుపత్రిలో డాక్టరమ్మాయి సెలైను ఎక్కించింది. కుట్టు శుభ్రంగా, పొడిగా ఉంది, చీము లేదు. అంతా అయ్యాక అత్త భయం భయంగా తాను చేసిందంతా చెప్పింది. నడికట్టు, సాంబ్రాణి, కాయం, సొరపిట్టు. ఏదీ దాచలేదు. తిడుతుందనుకున్నాను. డాక్టరమ్మాయి ఎర్రది తలకి మిగిలిపోయిన దూది పోగు ఒకటి తీస్తూ వింది.

“ఇంత సేవ నేను చదివిన కాలేజీలో ఏ కుక్కకీ జరగలేదండి. నీళ్ళొక్కటి పెట్టుంటే ఈపాటికి లేచి పరిగెత్తేది” అంది. “తప్పు నాది కూడా ఉంది. నీళ్ళు పెట్టమని నేను చెప్పలేదు. అది కూడా చెప్పాలని నాకు తెలీలేదు.”

రెండు రాత్రులు ఎర్రది ఆసుపత్రిలోనే ఉంది. అత్త కూడా వరండాలో గోనెపట్టా పరుచుకుని అక్కడే ఉంది. మూడో రోజు పొద్దున ఆటోలో వస్తూ ఎర్రది తల బయటికి పెట్టి కూర్చుంది. గట్టు దగ్గర దిగాక మెల్లిగా నడిచి, అలవాటు ప్రకారం, అత్తకి కనబడని కన్ను వైపుకి తిరిగింది.

ఆ తర్వాత గట్టు మీద ఆపరేషన్లకి అడ్డు చెప్పినవాళ్ళు లేరు. లాకుల అవతల వరసకీ, ఇటుక బట్టీల దగ్గరి గుడిసెలకీ కూడా వెళుతున్నాం. నడిచే వెళతాం. ఇప్పుడు ముందు నడిచేది నేను కాదు, అత్త. చేపలమ్మిన వీధులన్నీ ఆమెకి తెలుసు. మనుషులూ తెలుసు. కుక్కని ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మాయి మందుల గురించి చెబుతుంది. అది అయ్యాక అత్త ఆడవాళ్ళని దగ్గరికి పిలుస్తుంది.

“దీనికి పురుడు రాలేదమ్మా. పురుడు రాకుండా చేయించాం. నీళ్ళు పెట్టండి. ఎంత తాగితే అంత పెట్టండి.”

అక్కడ మొహాలు ఒకరివొకరు చూసుకుంటారు. అప్పుడు అత్త తన ఏటి నీళ్ళ సంగతి చెబుతుంది. ప్రతి చోటా ఎవరో ఒకరు కిసుక్కుమంటారు. ప్రతి చోటా తర్వాత ఇంకొకరు మొదలుపెడతారు. నేను ఇప్పటికీ పిచ్చికుక్క రోగం నరాల సంగతి చెబుతాను, మర్యాదగా వింటారు. కానీ వాళ్ళు ఎదురుచూసేది అత్త మాట కోసమని నాకు తెలుసు. పోయిన నెల వరసలో ఒక పిల్ల పురిటికి వచ్చింది. వాళ్ళమ్మ గుమ్మంలో కుక్కకి పెట్టిన చిప్పలో నీళ్ళు నింపుతుంటే ఆ పిల్ల గదిలోంచి, “అమ్మా, కుక్కకి పెట్టినన్ని నాక్కూడా పెట్టు” అందట. పెట్టిందట.

ఇక ఇందుకు సాయపడిన వాళ్ళకి నా నమస్కారాలు చెప్పుకోవాలి. పుస్తకాల చివర పేర్లన్నీ వరసగా రాస్తారు, నాకు ఆ పేజీ చదవడం ఇష్టం. ఇక్కడ పేర్లు లేవు. గట్టు మీద ఇళ్ళకి కాగితాలు లేవు, పేర్లు బయటపడితే ఎవరైనా వచ్చి ఖాళీ చేయమంటారేమోనని వాళ్ళ భయం. అది నిజమైన భయమే. అందుకని పని చెప్పి దణ్ణం పెడుతున్నాను. వ్యాను వదిలి నడిచి వచ్చిన డాక్టరమ్మాయికి. అన్నం ముందు నుంచి లేచి ఆటో తీసిన తమ్ముడికి, లేపిన అతని భార్యకి. కొంగు పిండుకుని తాగినావిడకి, పెరుగు తేట తాగినావిడకి, వేడినీళ్ళు మింగినావిడకి. కాయం దంచినావిడకి కూడా, ఆ కాయం ఎర్రది తినలేదు, నేను తిన్నాను, చాలా బాగుంది. బోర్డు మీద ఆ కాగితానికి చోటిచ్చిన లైబ్రేరియన్ గారికి. రాత్రి వరండాలో అత్తకి టీ తెచ్చిచ్చిన ఆసుపత్రి వాచ్‌మన్‌కి.

రాసిందంతా అత్తకి చదివి వినిపించాను. అరుగు మీద తట్ట బోర్లించుకుని విన్నది. ఎర్రది మిషను కింద పీలికల మీద ఉంది. అంతా విని, “బానే ఉందమ్మాయ్. నా పేరు రాయలేదు గదా?” అంది.

“రాయలేదు అత్తా.”

“మరి దాని పేరు?”

“ఎర్రదని రాశాను. అది రంగే కదా, పేరు కాదు.”

“అసలు పేరు మాత్రం రాయకు” అంది అత్త, తట్ట ఎత్తుకుని లేస్తూ. “అది కూడా గట్టు మీదే ఉంటంది గదా.”